రోమ కణాల్లో ప్రొటీన్ల పట్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

పుట్టుకతో వినపడని పిల్లల తల్లిదండ్రులు, జువాలజీ చదువుకునే విద్యార్థులు కొన్నేళ్లుగా నన్ను అడుగుతున్న ప్రశ్నలివి. లోపలి చెవి కణాల మీద ఒక ల్యాబ్‌లో కొంతకాలం పనిచేశాను. సరిగ్గా ఆ రోజుల్లోనే మా అక్క కూతురికి పుట్టుకతోనే వినపడదని తేలింది. జన్యు పరీక్ష రిపోర్టు వచ్చిన రోజు అక్క ఫోన్‌లో ఒక్కో అక్షరం కూడబలుక్కుని "ఎం, వై, ఓ, సెవెన్, ఏ" అని చదివి, "ఇదేం జబ్బురా?" అని అడిగింది. అది జబ్బు పేరు కాదు, ఒక జన్యువు పేరు. ఆ జన్యువు మయోసిన్ 7ఏ అనే ప్రొటీన్‌ను తయారుచేయిస్తుంది. ఆ ప్రొటీన్ చెవిలో దేన్ని పట్టుకుని ఉంటుందో, ఆ పట్టు లేకపోతే ఏమవుతుందో తెలిస్తే రిపోర్టు సగం అర్థమైనట్టే.

రోమ కణాలంటే చెవిలో కనిపించే వెంట్రుకలేనా?

కావు. బయట కనిపించే వెంట్రుకలకూ వినికిడికీ సంబంధం లేదు. శబ్దం కర్ణభేరిని తాకి, మూడు చిన్న ఎముకల మీదుగా కర్ణావర్తంలోకి వెళ్తుంది. కర్ణావర్తం నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. సాగదీస్తే సుమారు మూడున్నర సెంటీమీటర్లు. దాని పొడవునా పరుచుకుని ఉన్నవే రోమ కణాలు. లోపలి వరుసలో సుమారు 3,500, బయటి మూడు వరుసల్లో సుమారు 12,000. కంటిలో వెలుగును పట్టే కణాలు కోట్లలో ఉంటాయి. చెవికి ఉన్నవి ఈ పదిహేను వేలే. పోయినవి మళ్లీ పుట్టవు. పక్షుల్లో మాత్రం పుడతాయని 1980 దశకం చివర్లో తెలిసింది. అంటే కోడిపిల్లకు ఉన్న ఆ సదుపాయం మనిషికి లేదు.

ప్రతి కణం నెత్తిన కొన్ని పదుల సన్నని కడ్డీలుంటాయి. వీటినే స్టీరియోసీలియా అంటారు. మొదటిసారి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ తెర మీద వాటిని చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది గుడి కోనేటి మెట్లు. వెనక వరుస ఎత్తు, మధ్యది కొంచెం తక్కువ, ముందుది ఇంకా తక్కువ. బొమ్మను ఇంకా పెద్దది చేస్తే, ప్రతి పొట్టి కడ్డీ కొన నుంచి వెనకున్న పొడుగు కడ్డీ పక్కకు ఏటవాలుగా ఒక పోగు కట్టి ఉంటుంది. అంత సన్నటి పోగు మీద మన వినికిడంతా వేలాడుతోందని తెలిసి చాలాసేపు తెర ముందు నుంచి లేవలేకపోయాను.

ఆ పోగు చేసే పనేమిటి?

దాన్ని టిప్ లింక్ అంటారు. 1984లో పికిల్స్, కోమిస్, ఆస్బోర్న్ అనే ముగ్గురు దాని గురించి ప్రకటించారు. శబ్దం వచ్చినప్పుడు కడ్డీలు పొడుగు వరుస వైపు వంగుతాయి, పోగు బిగుస్తుంది. కింది కొసలో ఉన్న ఒక ద్వారాన్ని ఆ బిగువు లాగి తెరుస్తుంది. చుట్టూ ఉన్న ద్రవంలో పొటాషియం బాగా ఎక్కువ, అది కణంలోకి దూసుకొస్తుంది. శబ్దం కరెంటుగా మారే క్షణం ఇదే.

కంటిలో, ముక్కులో అయితే సంకేతం ఒక రసాయనం నుంచి ఇంకో రసాయనానికి చేతులు మారుతూ పోతుంది. దానికి టైమ్ పడుతుంది. ఇక్కడ ఆ అంచెలేవీ లేవు. తలుపుకు తాడు కట్టి లాగినట్టే. అందుకే మైక్రోసెకన్లలో పని అయిపోతుంది. పోగు బిగువుకూ ద్వారం తెరుచుకోవడానికీ ఉన్న లెక్క తేల్చిన వాళ్లలో ముఖ్యుడు జేమ్స్ హడ్స్‌పెత్. 2018లో ఆయనకూ, రాబర్ట్ ఫెటిప్లేస్‌కూ, చెవుడు జన్యువులను వెలికితీసిన క్రిస్టీన్ పెటీకీ కలిపి కావ్లీ బహుమతి ఇచ్చారు.

పోగు దేనితో తయారైంది?

రెండు ప్రొటీన్లతో. పై మూడింట రెండు వంతులు క్యాడ్హెరిన్ 23, కింది మూడో వంతు ప్రొటోక్యాడ్హెరిన్ 15. రెండూ జంటలుగానే ఉంటాయి. మొత్తం పొడవు సుమారు 150 నానోమీటర్లు, అంటే తల వెంట్రుక మందంలో అయిదు వందల వంతు. ఈ రెండూ మధ్యలో కలుసుకుని పోగు అవుతాయని 2007లో తేలింది. ఎలా పట్టుకుంటాయో 2012లో స్ఫటిక నిర్మాణం ద్వారా బయటపడింది.

ఆ పట్టు గురించి కాస్త ఆగి చెప్పాలి. బావిలో పడ్డ మనిషిని పైకి లాగేటప్పుడు వేళ్లు పట్టుకోం, జారిపోతాయి. ఒకరి మణికట్టును ఒకరు పట్టుకుంటాం. ఈ ప్రొటీన్లు చేసేది అచ్చంగా అదే. రెండింటి చివరి రెండు పూసలూ ఒకదాని పక్కన ఒకటి ఎదురెదురు దిశల్లో ఒరుసుకుని అంటుకుంటాయి. పూసలని ఎందుకంటున్నానంటే, క్యాడ్హెరిన్ 23లో 27 ముక్కలు, ప్రొటోక్యాడ్హెరిన్ 15లో 11 ముక్కలు దండలా వరుసగా ఉంటాయి. ముక్కకూ ముక్కకూ మధ్య క్యాల్షియం అయాన్లు కూర్చుని దండను బిగువుగా ఉంచుతాయి. ల్యాబ్‌లో క్యాల్షియంను లాగేసే రసాయనం వేస్తే కొద్ది నిమిషాల్లో పోగులు తెగిపోతాయి, కణం పలకడం మానేస్తుంది.

పట్టు దొరికే ఆ చోట ఒక్క అమైనో ఆమ్లం మారినా చాలు. ప్రొటోక్యాడ్హెరిన్ 15లో 108వ స్థానంలో ఐసోల్యూసిన్‌కు బదులు ఆస్పరజిన్ వస్తే చేయి జారిపోతుంది, బిడ్డకు వినపడదు. ప్రొటీన్ మొత్తంలో మిగతాదంతా సరిగానే ఉంటుంది! మన దేశంలో మొహాలీలోని ఐసర్ అనే విజ్ఞాన పరిశోధన సంస్థలో సబ్యసాచి రక్షిత్ బృందం ఈ జంటల్ని ఒక్కొక్కటిగా లాగి, ఎంత బలానికి విడిపోతాయో కొలిచే పని చేస్తోంది.

అయితే క్యాల్షియం మాత్రలు వేస్తే వినికిడి బాగుపడుతుందా?

లేదు. లోపలి చెవి ద్రవంలో క్యాల్షియం ఎంత ఉండాలో అక్కడి కణాలే చూసుకుంటాయి. మాత్ర దాన్ని మార్చలేదు. తేడా ఉన్నది క్యాల్షియంలో కాదు, దాన్ని పట్టుకోవాల్సిన ప్రొటీన్‌లో.

పోగు కింద ఉన్న ద్వారం ఏమిటి? టీఎంసీ1 అని రిపోర్టులో ఉంటే అదేనా?

అదే. ఈ ద్వారం కోసం వెతుకులాట చాలా ఏళ్లు నడిచింది. ఆ జన్యువున్న చోటు జాడ 1995లో మొదట దొరికింది భారతీయ కుటుంబాల్లోనే, దగ్గరి సంబంధాలు చేసుకున్న కుటుంబాల్లో. 2002లో జన్యువుకు టీఎంసీ1 అని పేరు పెట్టారు. దాని తోడు టీఎంసీ2. ఈ రెండూ లేని ఎలుకల్లో కరెంటు పుట్టదని 2011లో, ద్వారం రంధ్రం టీఎంసీ1 ప్రొటీన్‌లోనే ఉందని 2018లో గట్టి ఆధారాలు వచ్చాయి.

దాని నిర్మాణం చూడటానికి మాత్రం ఎలుక చెవి చాలలేదు. ఒక్కో చెవిలో దొరికే ప్రొటీన్ అంత తక్కువ. అమెరికాలోని ఒరెగాన్‌లో ఎరిక్ గువో బృందం ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగులను ఆశ్రయించింది. స్పర్శ తెలుసుకోవడానికి వాటికీ ఇదే ప్రొటీన్ ఉంది. ఆరు కోట్ల పురుగులను పెంచి, వాటిలోంచి ఆ ప్రొటీన్ గుంపును విడదీసి 2022లో బొమ్మ గీశారు. అందులో ప్రతిదీ జంటగా ఉంది: రెండు టీఎంసీ1లు, వాటి పక్కన రెండు టీఎమ్ఐఈలు, కింద క్యాల్షియంను పట్టే సీఐబీ రకం ప్రొటీన్లు రెండు. మనిషిలో ఆ చోట ఉండేది సీఐబీ2. పోగునూ ద్వారాన్నీ కలిపి ఉంచడానికి ఎల్‌హెచ్‌ఎఫ్‌పీఎల్5 అనే ఇంకొకటి ఉంది, ప్రొటోక్యాడ్హెరిన్ 15ను నేరుగా పట్టుకునేది అదే.

ఈ పేర్లలో ఏ ఒక్కటి రిపోర్టులో కనిపించినా, మీ బిడ్డకు ద్వారం దగ్గరే ఇబ్బంది ఉందని అర్థం. చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం బాగానే ఉంటుంది. ఆపరేషన్ చేసి కర్ణావర్తంలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ అనే పరికరం నేరుగా నరాన్ని పలకరిస్తుంది కాబట్టి ఇలాంటి పిల్లలకు సాధారణంగా బాగా పనిచేస్తుంది. తల్లిదండ్రులకు ఈ ఒక్క మాట ముందే చెబితే టెన్షన్ ఎంతో తగ్గుతుంది.

పోగు పై కొస దేనికి కట్టి ఉంటుంది?

అక్కడ మూడు ప్రొటీన్లు ముడి వేస్తాయి. హార్మోనిన్ ఒక చేత్తో క్యాడ్హెరిన్ 23 తోకను, ఇంకో చేత్తో కడ్డీ లోపలి యాక్టిన్ పోగులను పట్టుకుంటుంది. శాన్స్ అనేది మధ్యవర్తి. మయోసిన్ 7ఏ మోటారు, యాక్టిన్ మీద ఎక్కుతూ ముడిని పైకి లాగి పోగును వదులు కాకుండా ఉంచుతుందని భావిస్తున్నారు. వీణ మీద తీగ బిగించే బిరడల పని అన్నమాట.

ఈ మూడిటితో పాటు క్యాడ్హెరిన్ 23, ప్రొటోక్యాడ్హెరిన్ 15 కూడా కలిపితే అయిదు. ఈ అయిదింటిలో ఏది పూర్తిగా చెడినా వచ్చేది ఒకటే జబ్బు: అషర్ సిండ్రోమ్ మొదటి రకం. క్రోమోజోముల మీద వేర్వేరు చోట్ల ఉన్న అయిదు జన్యువులు ఒకే జబ్బు ఎందుకు తెస్తున్నాయని మొదట్లో ఎవరికీ అంతుపట్టలేదు. అవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఒకే గొలుసుగా ఉన్నాయని తెలిశాక చిక్కు విడిపోయింది. గొలుసులో ఏ కొక్కెం ఊడినా బిందె బావిలోనే.

అషర్ సిండ్రోమ్‌లో కళ్లు కూడా పోతాయంటారు. చెవి ప్రొటీన్‌కూ కంటికీ ఏం సంబంధం?

మా అక్క కూతురిది ఇదే. అందుకే ఈ ప్రశ్నకు జవాబు కొంచెం పెద్దది.

పాపకు పద్నాలుగు నెలలు వచ్చినా పిలిస్తే తిరిగేది కాదు. "వాళ్ల నాన్నకూ మాటలు లేటుగానే వచ్చాయిలే" అని ఇంట్లో పెద్దవాళ్లన్నారు. ఇరవై నెలలు దాటినా అడుగులు పడలేదు. ఒక డాక్టరు బలహీనత అని టానిక్ రాశారు. నిజానికి ఆ రెండూ ఒకే చోటు నుంచి వచ్చినవి. బ్యాలెన్స్ చూసే అర్ధవర్తుల కుల్యల్లోనూ రోమ కణాలే ఉంటాయి, వాటిలోనూ ఇవే పోగులు. పుట్టుకతో వినపడని బిడ్డ నడక కూడా పద్దెనిమిది నెలలు దాటిపోతే అషర్ మొదటి రకాన్ని అనుమానించాలి. ఈ సంగతి మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

కన్ను సంగతికొస్తే, రెటీనాలో వెలుగును పట్టే కణాల చుట్టూ పువ్వు కింది రక్షక పత్రాల్లా చిన్న వేళ్లు ఉంటాయి. ఈ అయిదు ప్రొటీన్లూ అక్కడా కనిపిస్తాయి. ఎలుకల కళ్లల్లో ఆ వేళ్లు లేవు. ఇవే జన్యువులు చెడిన ఎలుకలకు చెవుడు వస్తుంది గానీ చూపు పోకపోవడానికి కారణం ఇదేనని 2012లో పారిస్ పరిశోధకులు సూచించారు. మనుషుల్లో రెటీనా మెల్లగా, చాలామందిలో పదేళ్లలోపే, దెబ్బతినడం మొదలవుతుంది. మొదట రేచీకటి, తర్వాత పక్క చూపు తగ్గడం.

మా పాపకు తొమ్మిదో ఏట, సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, దీపాలు పెట్టే వేళ వాకిట్లోకి రాగానే వాళ్లమ్మ కొంగు పట్టుకునేది. వెలుగులో గెంతులేసే పిల్ల గడప దగ్గర కాలితో తడుముకుంటూ దిగేది. అప్పటికే ఇంప్లాంట్ ఉంది కాబట్టి చీకట్లో "మెట్టుంది నాన్నా" అంటే వింటోంది. ఆ మాట వినగలగడం ఎంత ఆసరాయో నేను కళ్లారా చూశాను. అషర్ అని తెలిసిన పిల్లలకు ఇంప్లాంట్ ఆలస్యం చేయొద్దని నేను ఇంతగా పట్టుబట్టేది అందుకే. పెదాలు చూసి, సైగలు చూసి అర్థం చేసుకునే దారి కూడా కంటి మీదే ఆధారపడి ఉంది.

రెండో రకం అషర్ కొంచెం వేరు. అందులో అషరిన్, విర్లిన్ లాంటి ప్రొటీన్లు కడ్డీల మొదళ్లను కట్టి ఉంచుతాయి. వినికిడి పాక్షికంగా తగ్గుతుంది, బ్యాలెన్స్ బాగానే ఉంటుంది, చూపు సమస్య కొంచెం ఆలస్యంగా వస్తుంది.

ప్రెస్టిన్ అంటే?

బయటి రోమ కణాల పక్క గోడల్లో ఉండే ప్రొటీన్. కరెంటు మారినప్పుడల్లా దాని ఆకారం మారుతుంది, దాంతో కణమే పొట్టిగా పొడుగ్గా సాగుతూ కదులుతుంది. ఆ కదలిక సన్నటి శబ్దాలను పెంచి లోపలి వరుసకు అందిస్తుంది. కణం కదులుతుందని 1985లో, కదిలించే ప్రొటీన్ ఇదేనని 2000లో తెలిసింది. సంగీతంలో వేగాన్ని చెప్పే ప్రెస్టో అనే మాట నుంచి ఆ పేరు పెట్టారు. ఆస్పిరిన్ పెద్ద మోతాదులో వాడితే చెవుల్లో గుయ్‌మనడం, వినికిడి మందగించడం వింటుంటాం. అందులోని సాలిసిలేట్ ప్రెస్టిన్‌లో క్లోరైడ్ కూర్చునే చోటును ఆక్రమించడం దానికి ఒక కారణం. మందు ఆపితే సాధారణంగా సర్దుకుంటుంది.

మా బాబుకు ఓఏఈ పాస్ అయింది, బెరా ఫెయిల్ అయింది. ఇదెలా కుదురుతుంది?

కుదురుతుంది. ఓఏఈ పరీక్ష వినేది బయటి రోమ కణాల కదలికను, అంటే ప్రెస్టిన్ పనిని. బెరా చూసేది నరం నుంచి మెదడుకు సంకేతం వెళ్తోందా లేదా అని. మొదటిది బాగుండి రెండోది లేకపోతే ఆడిటరీ న్యూరోపతీ అంటారు. కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో ఒకటి ఓటోఫెర్లిన్ లోపం. లోపలి రోమ కణం అడుగున గ్లుటమేట్ నింపిన చిన్న సంచులుంటాయి. క్యాల్షియం లోపలికి రాగానే ఓటోఫెర్లిన్ ఆ సంచిని గోడకు ఆనించి తెరిపించాలి. అది లేకపోతే కణం శబ్దాన్ని పట్టుకుంటుంది గానీ నరానికి చెప్పలేదు. కొందరు పిల్లల్లో ఈ ప్రొటీన్ మామూలుగా ఓ మోస్తరుగా పనిచేసి, జ్వరం వస్తే మాత్రం ఆగిపోతుంది. జ్వరం తగ్గేదాకా పిలిచినా పలకరు. తల్లి ఈ మాట చెబితే డాక్టరు కొట్టిపారేయకూడదు.

అందుకే ప్రసూతి వార్డులో ఓఏఈ ఒక్కటే చేసి "చెవులు బాగున్నాయి" అని పంపితే ఈ పిల్లలు తప్పిపోతారు. ఎన్‌ఐసీయూలో, అంటే నవజాత శిశువుల ఐసీయూలో, ఉండి వచ్చిన పిల్లలకు బెరా తప్పకుండా చేయించండి.

జీన్ థెరపీ నిజంగా వచ్చిందా?

ఓటోఫెర్లిన్ లోపానికి వచ్చింది. జీన్ థెరపీ అంటే చెడిన జన్యువుకు బదులు మంచి కాపీని కణంలోకి పంపడం. ఆ జన్యువు సందేశం సుమారు ఆరు వేల అక్షరాలు. దాన్ని మోసుకెళ్లే ఏఏవీ వైరస్‌లో పట్టేది 4,700 దాకానే. కాబట్టి రెండు ముక్కలు చేసి రెండు వైరస్‌లలో పంపి, కణం లోపల కలిసేలా చేశారు. షాంఘైలోని ఫుదాన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఆరుగురు పిల్లలకు ఇస్తే అయిదుగురికి వినికిడి వచ్చిందని 2024 జనవరిలో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. ఆ తర్వాత వేరే దేశాల్లోనూ మంచి ఫలితాలు వచ్చాయి.

మొదట ఇదే ఎందుకు కుదిరిందంటే, ఓటోఫెర్లిన్ లేకపోయినా రోమ కణం చాలాకాలం బతికే ఉంటుంది. పోగుల ప్రొటీన్లు లేనప్పుడు కడ్డీల అమరికే పుట్టకముందు నుంచీ చెదిరిపోతుంది, కొంతకాలానికి కణాలూ చచ్చిపోతాయి. ఆలస్యంగా ప్రొటీన్ పంపినా నిలబెట్టడానికి అక్కడ ఏమీ మిగలదు. మా పాపకు దీనివల్ల ఇప్పుడు ఉపయోగం లేదని అక్కకు చెప్పాల్సి వచ్చిన రోజు నాకు చాలా కష్టమైంది.

మేనరికం చేసుకోవడం వల్లేనా ఇదంతా?

తల్లిని నిందించడానికి ఈ ప్రశ్న వాడేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి. పైన చెప్పిన లోపాలు చాలావరకు రెండు కాపీలూ చెడితేనే బయటపడతాయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ఇద్దరూ సమానమే. ఇద్దరిలోనూ చెడిన కాపీ ఒక్కొక్కటి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం. బావామరదళ్లకు జన్యువుల్లో ఎనిమిదో వంతు, మేనమామ మేనకోడళ్లకు నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటాయి. కాబట్టి ఒకే చెడిన కాపీ రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం పెరుగుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి పెళ్లిళ్లు ఇంకా జరుగుతున్నాయి కాబట్టి ఈ లెక్క మనకు దగ్గరిది. పరాయి సంబంధాల్లోనూ పుడతారు, అక్కా బావలది అసలు మేనరికమే కాదు.

జీజేబీ2 కూడా రోమ కణాల ప్రొటీనేనా?

కాదు, పక్కనుండి ఆదుకునే కణాలది. దాని ప్రొటీన్ కనెక్సిన్ 26. ఆరేసి చొప్పున గుండ్రంగా చేరి, పక్క కణంలోని ఆరింటితో ముఖాముఖి అతుక్కుని కణాల మధ్య సందులు కడతాయి. పుట్టుకతో వచ్చే చెవుడుకు మన దేశంలో బాగా కనిపించే కారణాల్లో ఇదొకటి. ఇక్కడ ఎక్కువగా కనిపించే మార్పు డబ్ల్యూ24ఎక్స్. యూరప్‌లోని రోమా ప్రజల్లోనూ ఇదే మార్పు కనిపిస్తుంది, వాళ్ల పూర్వీకులు మన దేశం నుంచి వెళ్లినవాళ్లు కదా.

జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు చెవికి చెడ్డవంటారు, ఎందుకు?

ఆ మందులు రోమ కణంలోకి వెళ్లేది శబ్దం తెరిచే ఆ ద్వారం గుండానే. లోపలికి దూరాక బయటికి రాలేక పేరుకుపోయి కణాన్ని చంపుతాయి. పాత టీబీ మందు స్ట్రెప్టోమైసిన్ కూడా అదే కుటుంబం. కొన్ని కుటుంబాల్లో తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా మార్పు వల్ల కొద్ది డోసుకే వినికిడి పోతుంది. ఇంట్లో ఎవరికైనా ఇంజెక్షన్ తర్వాత చెవుడు వచ్చిందంటే ఆ మాట ప్రతి డాక్టరుకూ చెప్పండి. అలాగని ప్రాణం మీదికొచ్చినప్పుడు మందు వద్దనకూడదు, చంటిపిల్లల ఇన్‌ఫెక్షన్లలో అవి ప్రాణాలు నిలబెడతాయి.

ఊరేగింపులో డీజే పక్కన నిలబడ్డాక రెండు రోజులు చెవులు మూసుకుపోయినట్టుంటాయి. పోగులు తెగిపోయాయా?

కొన్ని తెగి ఉండొచ్చు. ల్యాబ్‌లో తెంపిన పోగులు ఒకటి రెండు రోజుల్లో మళ్లీ కట్టుకోవడం చూశాం. ముందు ప్రొటోక్యాడ్హెరిన్ 15లే రెండు వైపులా తాత్కాలికంగా పట్టుకుంటాయి, తర్వాత పైన క్యాడ్హెరిన్ 23 వచ్చి చేరుతుంది. కానీ కణమే చచ్చిపోతే కట్టుకోవడానికి ఏమీ ఉండదు. పైకి వినికిడి తిరిగి వచ్చినట్టున్నా, నరంతో ఉన్న అతుకులు కొన్ని శాశ్వతంగా పోతాయని జంతువుల్లో తేలింది. పిల్లల్ని స్పీకర్ పెట్టెల ముందు నిలబెట్టకండి.

ఏ పరీక్షలు, ఎప్పుడు, ఎక్కడ?

నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు హియరింగ్ ఎయిడ్. అంతర్జాతీయంగా పాటించే లెక్క ఇది. నిర్ధారణ అయ్యాక జన్యు పరీక్ష అడగండి. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగం లాంటి చోట్ల కౌన్సెలింగ్ దొరుకుతుంది. రిపోర్టులో అషర్ జన్యువు ఏదైనా ఉంటే అదే వారం రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లండి. కాక్లియర్ ఇంప్లాంట్ ఖర్చు లక్షల్లో ఉంటుంది గానీ ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్ ఉంది. వయసు నిబంధన ఉంటుంది కాబట్టి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కలవండి.

జీన్ థెరపీ వస్తుందని ఇంప్లాంట్ ఆపమంటారా?

వద్దు. మెదడులో మాటకు సంబంధించిన దారులు మొదటి మూడు నాలుగేళ్లలోనే గట్టిపడతాయి. ఆ కాలం శబ్దం లేకుండా గడిచిపోతే, తర్వాత చెవి బాగుపడినా మాట రావడం చాలా కష్టం. ఓటోఫెర్లిన్ అని తేలిన పిల్లల విషయంలో మాత్రం ఒక చెవికి ఇంప్లాంట్ పెట్టించి రెండోది వదిలి ఉంచాలా అని మీ సర్జన్‌తో మాట్లాడండి. మిగతా జన్యువులైతే ఎదురుచూడకండి, రెండు చెవులకూ వీలైనంత త్వరగా చేయించండి. ఆపరేషన్ తర్వాత స్పీచ్ థెరపీ కనీసం రెండు మూడేళ్లు మానకుండా నడవాలి. మా ఇంట్లో ఆ పని వంటింట్లోనే సాగింది. అక్క ప్రతి గిన్నె పేరూ పాప ముందు పైకి పలికేది, పాప తిరిగి అనేదాకా ఆ గిన్నె పొయ్యి మీదికి ఎక్కేది కాదు.